లిస్టులో ఫలానా ఐటమ్ దగ్గరికి స్క్రోల్ చేయడం: అపోహలు - వాస్తవాలు

ఫ్రంటెండ్ పనిలో (వెబ్ పేజీలో కంటికి కనపడే భాగం కట్టే పని) "అయిదు నిమిషాల్లో అయిపోతుంది కదా" అని క్లయింట్లు అనేవాటిలో ఇదొకటి. లింకు నొక్కగానే పెద్ద లిస్టులో ఫలానా ఐటమ్ కళ్ళ ముందుకు రావాలి. కోడ్ నిజంగానే ఒక్క లైను. టైమంతా వేరేచోట పోతుంది: ఆ ఐటమ్ అసలు పేజీలో ఉందా, ఉన్నచోటే నిలుస్తుందా, చేరుకున్నామని చూసేవాళ్ళకు తెలుస్తుందా? కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళ నోట తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ చూద్దాం.

అపోహ: దీనికి జావాస్క్రిప్ట్ తప్పనిసరి

అక్కర్లేదు. ఐటమ్‌కి ఒక ఐడీ ఇచ్చి, లింకు చివర హ్యాష్ గుర్తు పెట్టి అదే ఐడీ రాస్తే బ్రౌజరే అక్కడికి తీసుకెళ్తుంది. ఐడీలో ఖాళీలు ఉండకూడదు. ఒకే ఐడీ రెండు చోట్ల ఉంటే మొదటిదే గెలుస్తుంది. ఐడీ తెలుగులో ఉన్నా పనిచేస్తుంది. కాకపోతే యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను దాచే పద్ధతి) ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి (అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటీ ఒక్కో కోడ్‌పాయింట్) మూడు బైట్లు, లింకులో ఎన్‌కోడ్ అయితే ఒక్కో బైటు మూడు అక్షరాలు. "హైదరాబాద్" అన్న ఐడీ అలా 81 అక్షరాల తోక అవుతుంది. ఆ లింకును వాట్సాప్‌లో పంపితే చూసినవాళ్ళు ఏదో వైరస్ అనుకుంటారు. నేనైతే ఐడీలకు చిన్న కోడ్‌లే వాడతాను.

అపోహ: స్క్రోల్‌ఇంటూవ్యూ లిస్టును మాత్రమే కదుపుతుంది

స్క్రోల్‌ఇంటూవ్యూ అంటే ఐటమ్‌ని కళ్ళ ముందుకు తెచ్చే జావాస్క్రిప్ట్ ఫంక్షన్. ఎక్కువ తలనొప్పి తెచ్చే అపోహ ఇదే. పేజీలో కాస్త కిందుగా ఒక పెట్టె, అందులో తెలంగాణ 33 జిల్లాల లిస్టు ఉందనుకోండి. పేజీ తెరుచుకోగానే ఆ పెట్టెలో ములుగు కనపడాలి. ములుగు ఐటమ్ మీద స్క్రోల్‌ఇంటూవ్యూ పిలిస్తే పెట్టె లోపల లిస్టు కదులుతుంది, దాంతోపాటు పేజీ కూడా కిందికి దూకుతుంది. ఎందుకంటే ఆ ఐటమ్ చుట్టూ స్క్రోల్ అయ్యే పొరలు ఎన్ని ఉంటే అన్నింటినీ అది కదుపుతుంది. పైగా డిఫాల్ట్‌గా బ్లాక్ (నిలువులో ఐటమ్ ఎక్కడ ఆగాలో చెప్పే ఆప్షన్) విలువ "స్టార్ట్", అంటే ఐటమ్‌ని పై అంచుకి చేర్చాలని చూస్తుంది.

బ్లాక్‌ని "నియరెస్ట్" చేస్తే కనపడటానికి ఎంత అవసరమో అంతే కదులుతుంది, ఇప్పటికే కనపడుతుంటే కదలదు. చాలా సందర్భాలకు ఇది చాలు. కానీ పెట్టె మొత్తం స్క్రీన్ బయట ఉంటే పేజీ ఎలాగూ కదులుతుంది. అది వద్దనుకుంటే లిస్టు స్క్రోల్‌టాప్‌ని (ఎంత కిందికి స్క్రోల్ అయిందో చెప్పే సంఖ్య) మనమే మార్చాలి. ఇక్కడ చాలామంది ఆఫ్‌సెట్‌టాప్ వాడి ఇరుక్కుంటారు. అది లిస్టు నుంచి కాదు, పొజిషన్ ఇచ్చిన దగ్గరి పై ఎలిమెంట్ నుంచి కొలుస్తుంది. లిస్టుకి పొజిషన్ రిలేటివ్ లేకపోతే ఎక్కడో బాడీ నుంచి లెక్క వస్తుంది. గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్‌తో (స్క్రీన్ మీద ఎలిమెంట్ ఎక్కడుందో చెప్పే ఫంక్షన్) ఐటమ్ టాప్‌లోంచి లిస్టు టాప్ తీసేసి, ఆ తేడాని స్క్రోల్‌టాప్‌కి కలపడం నమ్మకమైన పద్ధతి.

అపోహ: స్టికీ హెడర్ కింద ఐటమ్ దాక్కుంటే, స్క్రోల్ అయ్యాక 80 పిక్సెళ్ళు వెనక్కి లాగాలి

స్టికీ హెడర్ అంటే స్క్రోల్ చేసినా పైనే అతుక్కుని ఉండే పట్టీ. ఆ 80 ఎవరి ఫోన్లో? చిన్న స్క్రీన్ మీద తెలుగు హెడ్డింగు రెండు లైన్లకు విరిగితే హెడర్ ఎత్తే మారిపోతుంది. ఐటమ్‌కి స్క్రోల్-మార్జిన్-టాప్ గానీ, స్క్రోల్ అయ్యే పెట్టెకి స్క్రోల్-ప్యాడింగ్-టాప్ గానీ ఇవ్వండి. హ్యాష్ లింకుకీ, స్క్రోల్‌ఇంటూవ్యూకీ రెండింటికీ పనిచేస్తుంది. హెడర్ ఎత్తును ఒక సీఎస్ఎస్ వేరియబుల్‌లో పెట్టి, ఎత్తు మారినచోట దాన్నే మారిస్తే సరి.

అపోహ: సెట్‌టైమవుట్ 500 పెడితే సెట్ అవుతుంది

అంటే 500 మిల్లీసెకన్లు ఆగి స్క్రోల్ పిలవడం. ఆఫీసు వైఫైలో సెట్ అవుతుంది. బస్సులో సిగ్నల్ వచ్చీ పోయీ ఉన్న ఫోన్లో అవ్వదు. డేటా వచ్చి, ఐటమ్ డామ్‌లో (బ్రౌజర్ కట్టుకునే పేజీ నిర్మాణంలో) పడ్డాకే స్క్రోల్ పిలవాలి. రియాక్ట్ లైబ్రరీలో అయితే ఆ డేటా మీద ఆధారపడే యూజ్‌లేఅవుట్‌ఎఫెక్ట్‌లో.

చేరుకున్నాక జారిపోవడం ఇంకో గొడవ. పైన ఉన్న ఫొటోలు ఆలస్యంగా లోడ్ అయి మన ఐటమ్‌ని కిందికి నెడతాయి. ఇమేజ్‌లకు విడ్త్, హైట్ రాసి ఉంటే బ్రౌజర్ ముందే చోటు వదులుతుంది. తెలుగు వెబ్ ఫాంట్ ఆలస్యంగా వచ్చినా అంతే, లైన్ల ఎత్తు మారి లిస్టంతా సాగుతుంది. డాక్యుమెంట్ ఫాంట్స్ రెడీ అయ్యేదాకా ఆగి స్క్రోల్ చేయడం మేలు. స్క్రోల్ యాంకరింగ్ (పైన ఎత్తు మారినా చూస్తున్న చోటును నిలిపే బ్రౌజర్ ఏర్పాటు) క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఈ జారుడును కొంత ఆపుతుంది, కానీ దాని మీదే భారం వేయకండి.

అపోహ: పెద్ద లిస్టయితే వర్చువల్ లిస్ట్ పెట్టేయాలి

వర్చువల్ లిస్టులో స్క్రీన్ మీద ఉన్న కొన్ని వరుసలే డామ్‌లో ఉంటాయి. 900వ ఐటమ్ కోసం క్వెరీసెలెక్టర్‌తో వెతికితే నల్ (ఏమీ లేదని) వస్తుంది. లేనిదాని దగ్గరికి ఎవరూ తీసుకెళ్ళలేరు. లైబ్రరీ ఇచ్చే స్క్రోల్‌టుఇండెక్స్ లాంటిది వాడాలి, అంటే ఇండెక్స్ మనకు ముందే తెలియాలి. వరుసల ఎత్తులు వేర్వేరుగా ఉంటే లైబ్రరీ అంచనాతో దూకి, కొలిచాక సర్దుకుంటుంది. అందుకే అటూ ఇటూ ఒక కుదుపు. కంట్రోల్ ఎఫ్ వెతుకులాట కూడా పోతుంది, స్క్రీన్ మీద లేని పేరు దానికి దొరకదు. 33 జిల్లాలకే కాదు, కొన్ని వందల మామూలు వరుసలకు కూడా నేను వర్చువల్ జోలికి వెళ్ళను.

కిందికి పోయేకొద్దీ కొత్తవి లోడ్ అయ్యే ఇన్ఫినిట్ స్క్రోల్‌లో ఐటమ్ కోసం పేజీల మీద పేజీలు లోడ్ చేసుకుంటూ పోవడం వృథా. ఆ ఐటమ్ ఉన్న ముక్కను నేరుగా ఇచ్చి, దానికి ముందూ వెనకా ఉన్నవి తర్వాత పంపే ఏపీఐ కావాలి. బ్యాకెండ్ వాళ్ళతో మొదటి రోజే మాట్లాడుకోవాల్సిన విషయమిది.

అపోహ: స్మూత్ స్క్రోల్ ఎప్పుడూ బాగుంటుంది

దగ్గరి దూరాలకు బాగుంటుంది. కదలికతో కళ్ళు తిరిగేవాళ్ళు ఫోన్లో రెడ్యూస్ మోషన్ ఆన్ చేసుకుంటారు, ఆ సెట్టింగ్ ఉందేమో చూసి స్మూత్ మానేయండి. సఫారీకి స్మూత్ స్క్రోల్ 2022లో 15.4 వెర్షన్‌తోనే వచ్చింది. పాత ఐఫోన్లలో నేరుగా దూకుతుంది, నష్టమేమీ లేదు.

అపోహ: ఐటమ్ కనపడితే పని అయిపోయినట్టే

స్క్రోల్‌ఇంటూవ్యూ ఫోకస్‌ని (కీబోర్డు ఇప్పుడు ఏ ఎలిమెంట్ మీద ఉందో ఆ గుర్తు) కదపదు. కీబోర్డు వాడేవాళ్ళు ట్యాబ్ నొక్కితే మళ్ళీ ఎక్కడున్నారో అక్కడికే పోతారు, స్క్రీన్ రీడర్ అయితే ఏమీ చెప్పదు. ఐటమ్ ఫోకస్ తీసుకునేలా ట్యాబ్‌ఇండెక్స్ మైనస్ ఒకటి ఇచ్చి, ప్రివెంట్‌స్క్రోల్‌తో (మళ్ళీ స్క్రోల్ కాకుండా ఆపే ఆప్షన్) ఫోకస్ పిలవండి. చూసేవాళ్ళకు కూడా ఆనవాలు కావాలి. ఒకేలా కనపడే వరుసల్లో మనదేదో తెలిసేలా కాసేపు రంగు వేయాలి. హ్యాష్ లింకు నొక్కి వస్తే టార్గెట్ సెలెక్టర్‌తో (హ్యాష్ సూచించే ఎలిమెంట్‌ని పట్టే సీఎస్ఎస్ సెలెక్టర్) అది తేలిగ్గా అవుతుంది. పుష్‌స్టేట్‌తో (పేజీ మళ్ళీ లోడ్ కాకుండా అడ్రస్ మార్చే ఫంక్షన్) అడ్రస్ మారిస్తే టార్గెట్ మారదు, అక్కడ క్లాస్‌ని మీరే తగిలించాలి.