తీర్థంలో చెవులు మూసుకునే పిల్లాడు

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఆ హోరు ఎలా ఉంటుందో కోనసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు. పదకొండు ఊళ్ళ ప్రభలు, డప్పులు, తాషాలు, మందుగుండు. గంగలకుర్రు ప్రభ కౌశిక నది దాటే వేళకి మన చెవులు ఆ మోతకి అలవాటు పడిపోతాయి; జీళ్ళ బేరమాడుకుంటూ ఉంటాం. అదే గుంపులో ఓ నాలుగేళ్ళ పిల్లాడు చెవులు మూసుకుని కింద పడి పొర్లుతుంటే, "గారం ఎక్కువై మొండికేస్తున్నాడు" అనేస్తారు.

మొండితనం కాకపోవచ్చు. ఒకే శబ్దం పదేపదే వినిపిస్తుంటే మెదడు దాన్ని పట్టించుకోవడం తగ్గిస్తుంది. ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలోనే ఉండే తేడా; మాటలు, నలుగురితో కలవడం కష్టమవుతాయి. అది ఉండి శబ్దాలు పడని పిల్లలను మెదడు స్కానర్‌లో పెట్టి చూస్తే, భయానికీ వినికిడికీ సంబంధించిన భాగాల్లో ఆ తగ్గుదల సరిగా జరగడం లేదని తేలింది. ఇరవయ్యో డప్పు దెబ్బకీ వాడు ఉలిక్కిపడతాడు. కొందరు దీనికి పూర్తి భిన్నం: కాలు కాలినా ఏడవరు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ఈ తేడాలను కూడా ఆటిజం లక్షణాల్లో చేర్చింది.

1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న పదకొండు మంది పిల్లల గురించి రాశాక, చాలా ఏళ్ళు నింద తల్లి మీదే పడింది: ప్రేమ చూపలేదట! 1977లో బ్రిటన్‌లో, కనీసం ఒకరికి ఆటిజం ఉన్న కవల జంటలను పరిశీలించారు. ఒకే పోలిక కవలలు, అంటే జన్యువులు దాదాపు ఒకటే అయినవాళ్ళు, 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరు పోలిక కవలలు పది జంటల్లో మాత్రం ప్రతిదాంట్లోనూ ఒక్కరికే ఉంది. మూలం చాలావరకు జన్యువుల్లోనే ఉందని తర్వాతి పెద్ద అధ్యయనాలూ చెప్పాయి. టీకాల వల్ల వస్తుందన్న అనుమానం రేపిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. అయినా మన ఇళ్ళల్లో "నువ్వు ఫోన్ ఇవ్వబట్టే" అని కోడలినే అంటారు.

ఇంకో మాటా వింటుంటాం: "మగపిల్లాడు కదా, మాటలు ఆలస్యంగానే వస్తాయిలే, వస నాకించండి." ఈ భరోసాతోనే విలువైన ఏళ్ళు పోతాయి. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకీ వేలు పెట్టి ఏదీ చూపించకపోయినా పిల్లల డాక్టర్‌కి చూపించాలి. ముందు వినికిడి పరీక్ష చేయించాలి, ఎందుకంటే చెవుడు ఉన్నా పిల్లలు పలకరు. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. రిస్పెరిడోన్ లాంటివి విపరీతమైన చిరాకును తగ్గిస్తాయి, అంతే. మాట్లాడటం, అడగటం నేర్పేది స్పీచ్ థెరపీ. మాటలు రానివాళ్ళకి బొమ్మల కార్డులతో అడగటం కూడా నేర్పుతారు.