అమ్మానాన్నల్ని అసిస్టెడ్ లివింగ్‌లో చేర్పించే ముందు: అగ్రిమెంట్‌పై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక అసిస్టెడ్ లివింగ్ హోమ్‌లో, అంటే రోజువారీ పనుల్లో సాయం కావాల్సిన పెద్దవాళ్లు ఉండే చోట, అడ్మిషన్లు చూస్తాను. రూము, వంటగది, తోట అన్నీ గంటసేపు తిరిగి చూసినవాళ్లు అగ్రిమెంట్ మీద మాత్రం ఐదు నిమిషాల్లో సంతకం పెట్టేస్తారు. నాకు టెన్షన్ అక్కడే.

అపోహ: ఒకసారి చేరితే చివరిదాకా వాళ్లే చూసుకుంటారు.

అందరూ అలా రాసివ్వరు. చెయ్యి పట్టుకుంటే నడిచే మనిషి రేపు మంచాన పడితే, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముదిరి అర్ధరాత్రి గేటు దగ్గరికి వెళ్లిపోతుంటే, అప్పుడూ ఉంచుకుంటారా, ఛార్జీ పెంచుతారా, తీసుకెళ్లిపొమ్మంటారా, అలా అంటే ఎన్ని రోజుల గడువిస్తారు, ఆ సంగతి తేల్చేది డాక్టరా మేనేజరా, ఇవన్నీ కాగితంలో వెతకండి. "మేం చూసుకుంటాం సార్" అని నాలాంటివాళ్లు చెప్తే, ఆ మాటే రాసివ్వమనండి.

అపోహ: నెలకు చెప్పిందే మొత్తం ఖర్చు.

డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ, రాత్రి అటెండర్ చాలాచోట్ల విడిగా కట్టాలి. ఆసుపత్రిలో ఉన్న రోజులకు కూడా రూము ఛార్జీ పడుతుందేమో, ఏటా ఎంత పెంచుతారో అడగండి.

అపోహ: సంతకం పెట్టాక ఇక చేసేదేమీ లేదు.

ఉంది. మితిమీరిన డిపాజిట్, సరైన కారణం లేకుండా వాళ్లొక్కరే రద్దు చేసుకునే షరతు లాంటివాటిని అన్యాయపు ఒప్పందం కింద సవాలు చేసే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. ఆ ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కాదు, రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. అంతదాకా రాకుండా, మనిషి పోతే డిపాజిట్ ఎవరి చేతికి, ఎన్నాళ్లలో ఇస్తారో ముందే రాయించుకోండి.

అపోహ: కొడుకో కూతురో సంతకం పెడితే చాలు.

ఉండబోయేది పెద్దవాళ్లు. డిమెన్షియా ఉన్నంత మాత్రాన వాళ్ల సంతకం చెల్లకుండా పోదు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం, సంతకం పెట్టే సమయానికి విషయం అర్థమై, తమకు మంచో చెడో తేల్చుకోగలిగితే చెల్లుతుంది.

మొన్న ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. అమెరికా నుంచి వీడియో కాల్‌లో కొడుకు "పెట్టేయండి నాన్నా, తర్వాత చదవచ్చు" అంటున్నాడు. ఆయన కళ్లజోడు తుడుచుకుని, లైను లైనుకీ వేలు పెట్టి చదివి, తలెత్తి అడిగారు: "నన్ను ఆసుపత్రిలో చేర్చాలంటే ముందు నన్నడుగుతారా, వాణ్ణా?"

మా ఫారంలో ఆ లైను లేదు. "ముందు మాస్టారినే అడగాలి" అని పెన్నుతో చేర్చి, పక్కన ఇద్దరం సంతకాలు పెట్టాం.