రేషన్ బియ్యంలోని విటమిన్‌కు కేన్సర్ వార్డుతో పాత చుట్టరికం

రేషన్ బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు తేడా రంగులో కనిపిస్తాయి, కొన్ని నీళ్ల మీద తేలుతాయి. వాటిని ‘ప్లాస్టిక్ బియ్యం’ అనుకుని ఏరి పారేసిన ఇళ్లు గోదావరి డెల్టాలోనూ ఉన్నాయి. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 విటమిన్లు కలిపి, గింజ ఆకారంలో ఒత్తి ఆరబెట్టినవి. వంద కిలోల మామూలు బియ్యానికి ఒక కిలో చొప్పున మిల్లులో కలిపిన గింజలవి.

ఈ సంగతి తెలిసినవారిని కూడా ఇంకో అనుమానం వెంటాడుతుంది. ఫోలిక్ యాసిడ్ కేన్సర్‌ను పెంచుతుందట కదా అని. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదిది. ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో అదే ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. లుకేమియా అనే రక్త కేన్సర్‌కు మెథోట్రెక్సేట్ అనే మందు వాడుతున్న పిల్లవాడికి మాత్రం అదే మాత్రను సొంతంగా వేయవద్దని డాక్టర్లు హెచ్చరిస్తారు. ఒకరికి పట్టుబట్టి ఇచ్చేదాన్ని ఇంకొకరికి ఎందుకు ఆపుతారో తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి. ఆ దారి మొదలయ్యేది ఈ డెల్టాలోనే.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదివారు, మద్రాసులో మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. అన్న పురుషోత్తం స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, నాలుక పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి రోజురోజుకీ కరిగిపోతాడు. తర్వాత సుబ్బారావునూ అదే జబ్బు పట్టుకుంది. ఆయన బతికి బయటపడ్డారు. ఆ జబ్బులో శరీరానికి కరువయ్యే వాటిలో ఒకటి ఫోలిక్ యాసిడ్ అని అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఆ పదార్థానికి అప్పటికింకా పేరే లేదు.

మద్రాసు వైద్య కళాశాలలో ఖాదీ గౌను వేసుకుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లినందుకు ఇంగ్లీషు ప్రొఫెసర్ ఆగ్రహించాడు. సుబ్బారావుకు ఎంబీబీఎస్ దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. అనపర్తిలోని మామగారు డబ్బు సమకూర్చారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. అలా 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరంలో శక్తిని అందించే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలను గుర్తించారు. అంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు మారారు.

ఈలోగా ఫోలిక్ యాసిడ్ వేట మరోవైపు నడుస్తోంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టర్ బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మికుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారం తినిపిస్తే అది తగ్గుతోందని చూపారు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసి, ఆకును లాటిన్‌లో ‘ఫోలియం’ అంటారు కాబట్టి ఆ పేరు మీదనే ఫోలిక్ యాసిడ్ అన్నారు. 1945లో సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నను మింగిన జబ్బుకు ఉపయోగపడే మందు తమ్ముడి ప్రయోగశాలలో తయారైందన్న మాట వట్టి భావోద్వేగం కాదు. స్ప్రూ రోగులకు ఫోలిక్ యాసిడ్ ఇచ్చి గుణం చూసినవారున్నారు.

కథ మలుపు తిరిగింది బోస్టన్‌లోనే. పిల్లల ఆసుపత్రిలో పాథాలజిస్టు (రోగ నిర్ధారణ నిపుణుడు) సిడ్నీ ఫార్బర్, లుకేమియా పిల్లలకు లెడర్లీ పంపిన ఫోలిక్ యాసిడ్ సంబంధిత పదార్థాలు ఇచ్చి చూశాడు. జబ్బు నెమ్మదించకపోగా మరింత ఎగదోసినట్టు కనిపించింది. ఫోలిక్ యాసిడ్‌కూ కేన్సర్‌కూ ముడిపెట్టే భయానికి మూలం ఇక్కడుంది. ఆ చేదు ఫలితాన్నే ఫార్బర్ తిరగేసి ఆలోచించాడు. ఇస్తే పెరిగేది, అడ్డుకుంటే తగ్గాలి కదా? ఆ అడ్డుకునే పదార్థాలను సుబ్బారావు బృందం తయారుచేసి పంపింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. ఫోలిక్ యాసిడ్‌తో పోలిస్తే అణువులో ఒక మూల చిన్న మార్పు, అంతే. మారుతాళంచెవి తాళంలోకి దూరి, తిరగకుండా ఇరుక్కుపోయినట్టు, అది కణంలోని ఎంజైముకు అతుక్కుని ఇక వదలదు. డీఎన్ఏకు కావలసిన థైమిన్ తయారీ ఆగిపోతుంది, కణం విభజన చెందలేదు. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి, కొద్దికాలమే అయినా, జబ్బు తగ్గుముఖం పట్టింది. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబపు మందే. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకు, సుబ్బారావు కన్నుమూశారు.

1948లోనే ఇంకొకటి జరిగింది, అప్పట్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. రోలిన్ హాచ్‌కిస్ అనే శాస్త్రవేత్త దూడ థైమస్ గ్రంథి డీఎన్ఏలో, డీఎన్ఏ నాలుగు అక్షరాల్లో ఒకటైన సైటోసిన్‌ను పోలిన కొత్త ముక్కను చూశాడు. అది మిథైల్ గుంపు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువుల చిన్న ముక్క) తగిలించుకున్న సైటోసిన్. అక్షరం మారదు, దాని మీద ఒక గుర్తు పడుతుంది. జన్యువు ఉన్నా దాన్ని చదవకుండా ఆపగల గుర్తు అది. ఎపిజెనెటిక్స్ అనే శాస్త్రశాఖ చాలావరకు ఇలాంటి గుర్తుల చదువే. ఆ మిథైల్ గుంపుల సరఫరాలో ఫోలిక్ యాసిడ్‌ది పెద్ద పాత్ర. థైమిన్ తయారీకి ఉపయోగపడే విటమినే, మరో దారిలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తయారీకి మిథైల్‌ను అందిస్తుంది, అక్కడి నుంచి అది డీఎన్ఏ మీదికి చేరుతుంది. సుబ్బారావుకు ఇదంతా తెలుసని చెప్పడం అబద్ధం అవుతుంది. ఆయన తయారుచేయించిన పదార్థమే ఈ కొత్త శాస్త్రానికి ఒక గుమ్మం అయిందనడం మాత్రం నిజం, మన గర్వానికి అది చాలు.

కేన్సర్‌తో ఈ గుర్తుల ముడిని విప్పినవారిలో పీటర్ జోన్స్ అనే పరిశోధకుడి పేరు ముందు చెప్పాలి. కణాలను చంపే మందుగా పరీక్షిస్తున్న అజాసైటిడిన్‌ను ఎలుక పిండ కణాల మీద వేస్తే, కొన్నాళ్లకు గిన్నెలో కండర కణాలు పుట్టుకొచ్చి ముడుచుకోవడం మొదలుపెట్టాయి. కండరానికి సంబంధం లేని కణాల నుంచి! 1980లో జోన్స్, షిర్లీ టేలర్ కారణం చూపారు: ఆ మందు మిథైల్ గుర్తులు పడకుండా అడ్డుకుంటోంది, మూగబోయిన జన్యువులు మళ్లీ పలుకుతున్నాయి. ఇక్కడా దొంగ అణువుతో ఎంజైమును పట్టేయడమే పద్ధతి. పెద్ద మోతాదులో రోగులు తట్టుకోలేకపోయిన ఆ మందును మోతాదు తగ్గించి వాడి, చివరికి 2004లో మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అనే ఎముకమజ్జ జబ్బుకు అమెరికాలో అనుమతించారు.

మధ్యలో 1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టీన్ అనే పరిశోధకులు కేన్సర్ గడ్డల్లో కొన్ని జన్యువుల మీద గుర్తులు తక్కువగా ఉన్నాయని చూపారు. ఆ తర్వాత, కేన్సర్‌ను అడ్డుకోవలసిన జన్యువుల మీద గుర్తులు ఎక్కువై అవి నోరు మూసుకున్నాయనీ తేలింది. రెండూ ఒకే గడ్డలో ఉండవచ్చు. అందుకే ఫోలిక్ యాసిడ్ మంచిదా చెడ్డదా అన్నదానికి ఒక్క మాటలో జవాబు రాదు. మిథైల్ అందని ఆహారం పెట్టిన ఎలుకల్లో కాలేయ కేన్సర్ వచ్చింది. మరోవైపు, పెద్దపేగులో అంతకుముందు కణుతులు వచ్చినవారికి రోజూ 1 మిల్లీగ్రాము ఇచ్చి చూసిన పరీక్షలో కొత్త కణుతులు తగ్గలేదు, పైగా ముదిరిన కణుతులు కాస్త ఎక్కువగా కనిపించాయి. 2007లో వెలువడిన ఫలితం అది.

నిజంగా గుర్తులను చెరిపి, మార్చి రాసేదాని గురించి భయపడాలంటే లంక పొగాకు పండే నేలలో ముందు భయపడవలసింది చుట్టను చూసి. పొగ తాగేవారి రక్తకణాల్లో వేల చోట్ల మిథైల్ గుర్తులు మారి ఉంటాయి. మానేసిన కొన్నేళ్లకు చాలావరకు యథాస్థితికి వస్తాయి, కొన్ని దశాబ్దాలైనా చెదరవు.

ఇక బియ్యం లెక్క. కిలోలో కలిపే ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు. రోజుకు 300 గ్రాముల బియ్యం తినే మనిషికి అందేది 30 మైక్రోగ్రాముల చుట్టుపక్కల. గర్భిణి మాత్రలో 500 ఉంటుంది; గర్భం తొలి వారాల్లో ఫోలిక్ యాసిడ్ చాలకపోతే శిశువు వెన్నుపాము సరిగా మూసుకోకపోయే ప్రమాదం ఉంది. మందుల షాపులో చవకగా దొరికే 5 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి వేసుకోవడమంటే, ఇంచుమించు 50 కిలోల రేషన్ బియ్యంలోని ఫోలిక్ యాసిడ్ ఒకేసారి మింగడం. జాగ్రత్త కావలసింది అక్కడ. కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్ వేసుకునేవారికి మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ రాసేది డాక్టరే, దుష్ఫలితాలు తగ్గడానికి. లుకేమియా చికిత్సలో లెక్క వేరు, ‘బలానికి’ అని ఇంట్లోవాళ్లు వేసే మాత్ర మందుకు అడ్డం రావచ్చు. అలాంటి ఇళ్లలో ఏ విటమిన్ మాత్రైనా చికిత్స చేస్తున్న డాక్టరుకు చూపించాకే వేయాలి. ఇనుము పడని రక్తజబ్బులున్నవారూ బియ్యం సంగతి డాక్టరును అడగాలి. మిగతావారు ఆ గింజలను ఏరకుండానే ఎసట్లో పోయవచ్చు.