సైన్స్ ప్రయోగాలు: స్టాఫ్‌రూమ్ అపోహలు

హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతూ రిటైర్మెంట్ దగ్గరికొచ్చాను. ఇప్పటికీ స్టాఫ్‌రూమ్‌లో, పేరెంట్స్ మీటింగుల్లో ఇవే మాటలు వినిపిస్తుంటాయి.

అపోహ: ల్యాబ్ లేకపోతే ప్రయోగాలు కుదరవు.

వాస్తవం: 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 గ్రామీణ బడులతో మొదలైన సైన్స్ బోధన కార్యక్రమం చవక సామాన్లతోనే ఏళ్ల తరబడి నడిచింది. అంతెందుకు, గ్రౌండ్‌లో నిటారుగా ఒక కర్ర పాతండి. మిట్టమధ్యాహ్నం నీడ పడదని చాలామంది టీచర్లే అంటారు. కానీ హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదిలో రెండుసార్లే, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. డిసెంబరు 21న మధ్యాహ్నం మీటరు కర్రకు సుమారు 86 సెంటీమీటర్ల నీడ పడుతుంది. టేపుతో కొలిచిన పిల్లలకు అక్షాంశాల పాఠం సగం అర్థమైపోతుంది.

అపోహ: పుస్తకంలో చెప్పిన ఫలితం వస్తే ప్రయోగం అయిపోయినట్టే.

వాస్తవం: పళ్లెంలో నీళ్లు పోసి, వెలిగే కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే నీళ్లు లోపలికి ఎక్కుతాయి. ‘గాలిలో ఐదో వంతు ఉండే ఆక్సిజన్ అయిపోయింది, అందుకే నీళ్లు ఐదో వంతు ఎక్కాయి’ అని తరతరాలుగా చెప్పేస్తున్నాం. నిజానికి ఆక్సిజన్ అంతా అయిపోకముందే కొవ్వొత్తి ఆరిపోతుంది. గ్లాసు బోర్లించేటప్పుడే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి, కొంత బయటికి పోతుంది. అంచు దగ్గర బుడగలు కనిపించేది అందుకే. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి, పీడనం తగ్గి, బయటి గాలి నీళ్లను లోపలికి నెడుతుంది. ఎక్కువగా ఇదే కారణం.

నేను చెప్పేస్తే మాత్రం ఇదీ బట్టీయమే. ఒక కొవ్వొత్తికి బదులు మూడు పెడితే నీళ్లు ఎంతవరకు ఎక్కుతాయో ముందు నోట్సులో రాయమంటాను. గ్లాసులో ఉండే ఆక్సిజన్ అంతే కాబట్టి, అదే కారణమైతే మట్టం మారకూడదు కదా? మారుతుంది. అప్పుడు మొదలయ్యే గొడవ కోసమే నేను ఆ పీరియడ్ తీసుకుంటాను. టీచర్ బల్ల దగ్గర చేసి చూపిస్తుంటే పిల్లలు చేసేది చూడటమే, ప్రయోగం కాదు.

అపోహ: ఇవన్నీ చేస్తే టెన్త్ సిలబస్ పూర్తి కాదు.

వాస్తవం: అన్నీ చేయనక్కర్లేదు. ఓమ్ నియమానికి (వోల్టేజీ పెరిగే కొద్దీ కరెంటూ అదే నిష్పత్తిలో పెరుగుతుందనే నియమం) ఇనుప చువ్వ, ఎల్‌ఈడీ రెండూ పెట్టి కొలిపిస్తే ఒక్క పీరియడ్ పడుతుంది. చువ్వకు గ్రాఫు సరళరేఖ వస్తుంది, ఎల్‌ఈడీకి రాదు. నియమం ఎక్కడ వర్తించదో మళ్లీ విడిగా చెప్పాల్సిన పని ఉండదు, రివిజన్‌లో ఆ టైమ్ తిరిగొస్తుంది.

అపోహ: టింకరింగ్ ల్యాబ్ వచ్చేస్తే చాలు.

వాస్తవం: పిల్లలు తమ చేతులతో పరికరాలు తయారు చేసి చూసేందుకు కేంద్ర ప్రభుత్వం బడుల్లో పెట్టించే అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు 20 లక్షల దాకా గ్రాంటు ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా అడగండి. సైన్స్ ఫెయిర్‌కు షాపులో కొన్న థర్మోకోల్ మోడల్ గురించి మాట్లాడకపోవడమే మేలు.

అపోహ: పిల్లల చేతికి ఇస్తే ప్రమాదం.

వాస్తవం: కొన్ని నిజంగానే ప్రమాదం. గాఢ ఆమ్లాలు నేనే పలుచన చేసి ఇస్తాను, ఆమ్లాన్నే నీళ్లలో పోస్తాను. కరెంటు పాఠాలన్నీ టార్చి సెల్స్‌తోనే, గోడ సాకెట్ జోలికి ఎవరూ వెళ్లరు.