రంగుల కొండ ఎక్కడం నాలుగు రోజుల ముందే మొదలవుతుంది

పెరూలోని కుస్కో నగరం నుంచి మూడు గంటల ప్రయాణంలో వినికుంకా ఉంది. స్పానిష్‌లో దాన్ని 'ఏడు రంగుల కొండ' అంటారు. కొండ మీది రంగు చారలు చూసే గట్టు ఎత్తు 5,036 మీటర్లు. బండి ఆగే ఫులవాసిపాతా నుంచి అక్కడికి ఒకవైపు నడక సుమారు 4 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 400 మీటర్లకు కాస్త అటూఇటూ. అలిపిరి మెట్ల దారిన తిరుమలకు వెళ్లినవాళ్లు ఇంతకంటే ఎక్కువే నడిచి ఉంటారు, ఎక్కువే ఎక్కి ఉంటారు. అయినా ఈ దారిలో వ్యాయామం అలవాటున్న పాతికేళ్ల కుర్రాళ్లు కూడా వంద అడుగులకోసారి కూలబడుతుంటారు. కాళ్లలో బలం లేక కాదు, రెండు రోజుల క్రితం వరకు సముద్రం ఒడ్డున ఉన్న పెరూ రాజధాని లిమాలో ఉండి రావడం వల్ల.

ఎంత ఎత్తుకు వెళ్లినా గాలిలో ఆక్సిజన్ వాటా 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. సముద్రమట్టంలో అది 760 మిల్లీమీటర్ల పాదరసం, వినికుంకా మీద 410 దగ్గర. ఇక్కడ చాలామంది వదిలేసే లెక్క ఒకటుంది. పీల్చిన గాలిని ముక్కు, గొంతు తడిపి లోపలికి పంపుతాయి. ఆ నీటి ఆవిరి ఏ ఎత్తులోనైనా 47 మిల్లీమీటర్ల చోటు తీసేసుకుంటుంది. 760లో 47 పోగా మిగిలిన 713లో 21 శాతం అంటే దాదాపు 150. 410లో 47 పోతే 363, అందులో 21 శాతం 76. అంటే ఊపిరితిత్తులకు అందే ఆక్సిజన్ దాదాపు సగం. 3,400 మీటర్ల ఎత్తున్న కుస్కోలోనే అది 95కి పడిపోతుంది. లిమాలో కొన్న చిప్స్ ప్యాకెట్ కుస్కోలో బ్యాగు తెరిచేసరికి బూరలా ఉబ్బి ఉంటుంది. బయట పీడనం ఎంత తగ్గిందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

ఆక్సిజన్ తగ్గగానే శరీరం వేగంగా ఊపిరి తీస్తుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అది చూసి మెదడు ఊపిరికి బ్రేకు వేస్తుంది. కుస్కోలో మొదటి రాత్రి నిద్రలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేవడానికి కారణం ఈ పెనుగులాటే. మూత్రపిండాలు ఎక్కువైన బైకార్బనేట్ అనే క్షారాన్ని బయటికి పంపితే తప్ప ఆ బ్రేకు వదలదు. అందుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు పెరగడానికైతే వారాలు కావాలి కాబట్టి సెలవు మీద వచ్చినవారికి అక్కరకొచ్చేది మూత్రపిండాల పనే. రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తే అలవాటు ఉన్నా ఆ పని వేగం పెరగదు. ఆంధ్రప్రదేశ్‌లోని ఎత్తైన కొండలే 1,700 మీటర్లు దాటవు కనుక మన దగ్గర చేసే సాధన కాళ్లకు పనికొస్తుంది, ఎత్తుకు కాదు.

అందుకే ప్రయాణంలో ఏ ఊరు ముందు, ఏ ఊరు తర్వాత అన్నదే అసలు ప్రణాళిక. కుస్కోలో విమానం దిగగానే అక్కడ ఉండిపోకుండా నేరుగా ఉరుబంబా లోయకు దిగిపోవాలి. ఉరుబంబా ఊరు 2,870 మీటర్లు, ఒయాంతాయ్‌తాంబో 2,800 మీటర్ల లోపే. అక్కడ రెండు రాత్రులు నిద్రపోయి, 2,430 మీటర్ల ఎత్తున్న ఇంకాల కాలపు శిథిల నగరం మచు పిచ్చు చూసుకుని, ఆ తర్వాత కుస్కోకు వచ్చి ఒకటి రెండు రాత్రులు ఉండాలి. వినికుంకా ఆఖరున. లెక్కలోకి వచ్చేది పగలు తిరిగిన ఎత్తు కాదు, రాత్రి పడుకున్న ఎత్తు. దిగిన మర్నాడే కొండ ఎక్కించే ప్యాకేజీ ఎంత చవకైనా వద్దు. అమెరికాలో ఉంటూ థాంక్స్ గివింగ్ సెలవుల్లో నాలుగైదు రోజులకే వచ్చేవాళ్లు మచు పిచ్చుతో సరిపెట్టుకోవడం మేలు. ఎలాగూ నవంబర్ నాటికి వానలు మొదలవుతాయి.

ఒక్క రోజు యాత్ర కావడంలో ఓ సౌకర్యం ఉంది. స్థానికులు 'సొరోచె' అనే ఎత్తు జబ్బు తలనొప్పితో, వికారంతో బయటపడటానికి మామూలుగా ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. గట్టు మీద అరగంట ఉండి సాయంత్రానికి 3,400 మీటర్లకు దిగిపోతే జబ్బు ముదరకముందే తప్పించుకోవచ్చు.

ఎసిటజోలమైడ్ మాత్ర, అంటే డయామాక్స్, మూత్రపిండాల పనిని ముందే మొదలుపెట్టిస్తుంది. నివారణకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తుకు వెళ్లే ముందు రోజు నుంచి వాడతారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది, సోడా గ్యాస్ పోయినట్టు చప్పగా అనిపిస్తుంది. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల సమస్య ఉన్నవారు డాక్టర్‌ని అడగకుండా వాడకూడదు. గుండె జబ్బు, సికిల్ సెల్ ఉన్నవారు, గర్భిణులు అసలు ఈ ఎత్తుకు వెళ్లాలా అన్నదే ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. మొదటి రాత్రుల్లో మద్యం, నిద్రమాత్రలు వద్దు. హోటళ్లలో ఇచ్చే కోకా ఆకు టీ తాగితే హాయిగా ఉండవచ్చు, జబ్బు రాకుండా ఆపుతుందని మాత్రం గట్టి ఆధారం లేదు. ఆ ఆకును ఇంటికి తేవద్దు, మన దేశంలో అది మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది.

ఇంతా చేసి చూడబోయే రంగులు తుప్పు, సున్నం, బంకమట్టి. ఎరుపు ఇనుప ఆక్సైడ్‌ది, తెలంగాణ చెలక నేలలకు ఎరుపునిచ్చేది కూడా అదే. ఆ ఇనుమే నీటిని కలుపుకుంటే పసుపు, గోధుమ రంగుల్లోకి మారుతుంది. తెల్ల చారల్లో క్వార్ట్జ్ ఇసుకరాయి, సున్నపు మట్టి ఉంటాయి. ఒకదాని మీద ఒకటిగా పరుచుకున్న ఈ పొరలను, పసిఫిక్ సముద్రం అడుగున ఉన్న నాజ్కా భూఫలకం దక్షిణ అమెరికా కిందికి దూరుతూ ఆండీస్ పర్వతాలను పైకెత్తినప్పుడు, పక్కకు ఒరిగేలా మడిచింది. దుప్పటి మడతల అంచులు చూసినట్టు మనం వాటిని అంచుల వైపు నుంచి చూస్తాం. మంచు పడితే చారలు కనిపించవు, మబ్బు పడితే వెలవెలబోతాయి. అందుకే మే నుంచి సెప్టెంబర్ దాకా ఉండే పొడికాలం ఎంచుకోవాలి. మధ్యాహ్నానికి గాలి, మబ్బు పెరుగుతాయని బండ్లు కుస్కోలో తెల్లవారుజామున మూడు, నాలుగింటికే కదులుతాయి.

ఆ వేళకు పైన చలి సున్నా కంటే కిందికి పోవచ్చు, పదింటికి ఎండ మండుతుంది. ఒక మందపాటి కోటు కంటే పలుచటి పొరలు మూడు, పైన గాలి ఆపే జాకెట్ మేలు. చేతి తొడుగులు, టోపీ, నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి. ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. రెండు లీటర్ల నీళ్లు, పల్లీ చిక్కి లాంటి తీపి తిండి పెట్టుకోండి. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది, లోపలి జేబులో ఉంచండి. మరుగుదొడ్డికీ, దారిలో ఎక్కే అద్దె గుర్రానికీ పెరూ డబ్బు సోల్ నోట్లలో చిల్లర కావాలి. గుర్రం ఆఖరి నిటారు ఎక్కుడు దాకా రాదు, అది నడవాల్సిందే.

నడకలో అందరూ చేసే తప్పు మొదటి కిలోమీటరులోనే జరుగుతుంది. దారి చదునుగా ఉందని మామూలు వేగంతో నడుస్తారు. పక్కనున్నవారితో ఆగకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా వెళ్లాలి. ఆఖరి ఎక్కుడులో ఒక అడుగుకు ఒక ఊపిరి. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ తెచ్చుకుంటే వేలు వెచ్చబడ్డాకే చూడండి, చల్లబడిన వేలికి అది తప్పు చూపిస్తుంది. పైన 80 శాతం కనబడినా కంగారు పడక్కర్లేదు, మనిషి ఎలా ఉన్నాడన్నదే ముఖ్యం.

తలనొప్పి ఉంటే ఆగి నీళ్లు తాగి చూడొచ్చు, తగ్గకపోతే వెనక్కి తిరగాలి. మడమను వేళ్లకు ఆనిస్తూ గీత మీద నడిచినట్టు పది అడుగులు వేయించినప్పుడు తూలినా, మాట తడబడినా, కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అది మెదడుకో ఊపిరితిత్తులకో నీరు చేరుతున్న సూచన. ఆక్సిజన్ సిలిండర్ కాసేపు ఊరటనిస్తుందంతే, కిందికి దించడమే వైద్యం. దారిలో ఉన్న కుసిపాతా ఊరు 3,300 మీటర్ల దగ్గర ఉంటుంది. కానీ గుంపు బండి అందరూ తిరిగొచ్చేదాకా కదలదు. మధ్యలో ఒకరికి బాగోకపోతే విడిగా ఎలా దించుతారో డబ్బు కట్టేముందే అడిగి తెలుసుకోండి. సరైన జవాబు ఇవ్వనివారితో వెళ్లవద్దు.