తొట్టి అడుగున మిగిలిన పొడి

గుర్రానికి దాణాలో మినరల్ (ఖనిజాల) పొడి కలిపి పెట్టినవాళ్లకు ఇది కొత్త కాదు. ఉడికించిన ఉలవలు అయిపోతాయి, గోధుమ పొట్టు అయిపోతుంది, తొట్టి అడుగున మాత్రం పొడి పొడిగానే మిగులుతుంది. పై పెదవితో గింజను ఇటు లాక్కుని, పొడిని అటు నెట్టేస్తుంది గుర్రం. కొన్నయితే ఆ పొడి తగిలిన దాణా మొత్తాన్నీ వదిలేసి గడ్డి వైపు తిరుగుతాయి. డబ్బా ఖరీదు తలుచుకుని యజమానికి టెన్షన్ మొదలవుతుంది.

తిరుపతి, చిత్తూరు వైపు గుర్రాలు ఎక్కువేమీ లేవు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహన సేవల ముందు అలంకరించుకుని నడిచేవి కొన్ని, పెళ్లి ఊరేగింపులకు సాకేవి కొన్ని, సరదా కోసం పెంచుకునేవి ఇంకొన్ని. తక్కువ ఉన్నాయి కాబట్టే వాటి తిండి గురించి తెలిసినవాళ్లూ తక్కువ. ఆవుకు పెట్టేదే దీనికీ పెడతారు, తినకపోతే పొగరు అంటారు. చంద్రగిరి రోడ్డులో పెళ్లి గుర్రాలు సాకే ఒక పెద్దాయన మాత్రం, "పొగరు కాదు నాయనా, భయం" అన్నాడు నాతో. శాస్త్రం చెప్పేదీ దాదాపు ఇదే.

గుర్రం వాంతి చేసుకోలేదు. ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. అన్నవాహిక జీర్ణాశయంలోకి ఏటవాలుగా దిగుతుంది. ఆ చోట ఉండే కండరపు పట్టు చాలా గట్టిది. కడుపులో ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ ద్వారం ఇంకా బిగుసుకుంటుంది తప్ప తెరుచుకోదు. జీర్ణాశయం పగిలిపోయే స్థితి వచ్చినా తిన్నది పైకి రాదు. పైగా అంత పెద్ద శరీరానికి జీర్ణాశయం పట్టేది 8 నుంచి 15 లీటర్లే. కుక్కయితే తేడా తిండి తిని కక్కేసుకుని తేలికపడుతుంది. గుర్రానికి ఆ వెసులుబాటు లేదు. తప్పు దిద్దుకోవాలంటే తిండి నోట్లో ఉన్నప్పుడే దిద్దుకోవాలి. కొత్త వాసన రాగానే వెనక్కి తగ్గే గుర్రాలు లక్షల ఏళ్లుగా బతికి బట్టకట్టాయి, వాటి సంతానమే ఇప్పుడు మన తొట్టి ముందు నిలబడి ఉంది.

తన మూతి కింద ఏముందో గుర్రానికి కనబడదు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో చుట్టూ చాలా దూరం కనబడుతుంది కానీ, ముక్కు కింది చోటు చూపుకు అందదు. కాబట్టి తొట్టిలో తల పెట్టాక పనంతా ముక్కు, పెదవి, మూతి చుట్టూ ఉండే పొడుగాటి మీసాలు చూసుకోవాలి. ఒక్కో మీసం మొదట్లో నరాల కొసలు దట్టంగా ఉంటాయి. ఊరేగింపులో మూతి నున్నగా కనబడాలని ఈ మీసాలు కత్తిరించే అలవాటు కొందరికి ఉంది. దయచేసి మానుకోండి. అంతర్జాతీయ గుర్రపు పోటీలను నడిపే సమాఖ్య 2021 జూలై నుంచి మీసాలు కత్తిరించిన గుర్రాలను పోటీకి రానివ్వడం లేదు. ఆ నిబంధన అందం గురించి పెట్టింది కాదు, మీసం ఒక జ్ఞానేంద్రియం కాబట్టి పెట్టింది.

ఇక రుచి. 1978లో అమెరికాలో పిల్ల గుర్రాల ముందు మామూలు నీళ్లూ, రకరకాల రుచులు కలిపిన నీళ్లూ పెట్టి చూశారు. తీపి నీళ్ల వైపు మొగ్గు చూపాయి. ఉప్పు, పులుపు, చేదు పలుచగా ఉన్నంతసేపు పట్టించుకోలేదు, గాఢత పెరిగాక ముట్టలేదు. అంటే చేదు ఉన్నంత మాత్రాన గుర్రం వద్దనదు, ఒక హద్దు దాటితేనే వద్దంటుంది. ఆ హద్దుకు లోపల ఉండటమే మన పని.

1990లో వచ్చిన మరో ప్రయోగం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. గుర్రాలకు ఒక దాణా పెట్టి, తినగానే కడుపులో తిప్పే మందు ఇచ్చారు. ఆ తర్వాత అవి ఆ దాణాకు దూరంగా ఉండటం నేర్చుకున్నాయి. అదే మందు అరగంట ఆలస్యంగా ఇస్తే నేర్చుకోలేదు. గుర్రం వెంటనే జరిగినదాన్ని మాత్రమే తిండితో ముడిపెట్టుకుంటుంది. మినరల్ పొడి ఆరు నెలల్లో చేసే మేలు దానికి ఎప్పటికీ తెలియదు. ఈ పూట నోటికి తగిలిన చేదు మాత్రం రేపటికి గుర్తుంటుంది.

తినిపించే ఉపాయాల కంటే ముందు, అసలు ఆ పొడి అవసరమా అని అడగాలి. మన వైపు చాలా గుర్రాలకు అవసరమే. కారణం తవుడు, గోధుమ పొట్టు, నేపియర్ గడ్డి.

గోధుమ పొట్టులో కాల్షియం ఒక పాలు ఉంటే ఫాస్ఫరస్ పది పాళ్ల దాకా ఉంటుంది. వరి తవుడులో తేడా ఇంకా ఎక్కువ. గుర్రానికి మొత్తం తిండిలో కాల్షియం ఫాస్ఫరస్‌తో కనీసం సమానంగా ఉండాలి, రెట్టింపు ఉంటే ఇంకా మంచిది. ఈ లెక్క తలకిందులైతే రక్తంలో కాల్షియం పడిపోకుండా శరీరం ఎముకల్లోంచి తోడుకుంటుంది. అలా నెలల తరబడి సాగితే ఎముకలు గుల్లబారతాయి, ఒకసారి ఒక కాలు, ఇంకోసారి ఇంకో కాలు కుంటుతుంది, చివరికి ముఖం ఎముకలు ఉబ్బి తల పెద్దదిగా కనబడుతుంది. ఒకప్పుడు ఐరోపాలో పిండిమరల యజమానుల గుర్రాలకు ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది. మరలో పొట్టు ఊరికే దొరికేది కదా, అదే మేపేవాళ్లు.

పాడి రైతులు పెంచే నేపియర్ రకాల గడ్డిలో ఆక్సలేట్లు ఉంటాయి. ఇవి కాల్షియాన్ని పట్టుకుని వదలవు. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను విరగ్గొడతాయి కాబట్టి దానికి పెద్దగా ఇబ్బంది ఉండదు. గుర్రంలో కాల్షియం చిన్నపేగులోనే ఒంటికి పట్టాలి, సూక్ష్మజీవుల పని ఆ తర్వాత పెద్దపేగులో మొదలవుతుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. ఒక పక్క తవుడు, ఇంకో పక్క నేపియర్ మీద బతికే గుర్రానికి రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. వేరుశనగ కట్టె మనకు దగ్గర్లో దొరికే మంచి మేత. పప్పుజాతి మొక్క కాబట్టి వరిగడ్డి కంటే కాల్షియం ఎక్కువ. బూజు మాత్రం పట్టి ఉండకూడదు. అయినా చాలకపోతే సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్, డాక్టరు చెప్పిన మోతాదులో కలపాలి. తాంబూలంలో వేసుకునే సున్నం వేరు. అది నోటిని కాల్చేస్తుంది, పొరపాటున కూడా వాడకూడదు.

ఇంకో రెండు హెచ్చరికలు. కోళ్ల దాణాలో, కొన్ని పశువుల దాణాల్లో మొనెన్సిన్ అనే మందు కలుపుతారు. గుర్రానికి అది గుండె కండరాన్ని చంపే విషం. ఒంటి బరువులో కిలోకు 2, 3 మిల్లీగ్రాములు చాలు ప్రాణం తీయడానికి. "బలానికి మంచిది" అని పక్కింటి కోళ్ల దాణా ఒక్క గుప్పెడు కూడా వేయకండి. రెండోది సెలీనియం. గ్రాములో వెయ్యోవంతుల్లో కావలసిన ఖనిజం అది. 2009లో ఫ్లోరిడాలో పోలో పోటీకి వచ్చిన 21 గుర్రాలు చనిపోయాయి. వాటికి ఎక్కించిన విటమిన్, ఖనిజాల మిశ్రమంలో సెలీనియం లెక్క తప్పింది. రెండు డబ్బాల పొడులు కలిపి పెట్టే ముందు, రెండింటిలోనూ సెలీనియం ఉందేమో లేబుల్ మీద చూడాలి.

అవసరమని తేలాక, తినిపించడం. రాగి, జింక్ లవణాలకు లోహపు చేదు ఉంటుంది. మెగ్నీషియం లవణాలూ అంతే. కొన్ని బి విటమిన్ల వాసన మనకే ఘాటుగా తగులుతుంది. పొడి మరీ మెత్తగా ఉంటే గుర్రం ఊపిరి వదలగానే ఎగిరి ముక్కులోకి పోతుంది. వద్దనడానికి దానికి కారణాలు గట్టివే.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన ఒక పరిశోధన గురించి చెప్పాలి. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో ప్రచురించారు. ఎనిమిది గుర్రాలకు పదిహేను రకాల వాసనలు కలిపిన దాణా పెట్టి, ఏది ఎంత ఇష్టంగా తింటున్నాయో చూశారు. యాపిల్, క్యారెట్ ముందుంటాయని ఎవరైనా అనుకుంటారు. మొదటి స్థానం మెంతులకు వచ్చింది. రెండోది అరటిపండు. మొదటి ఎనిమిదిలో జీలకర్ర కూడా ఉంది, క్యారెట్ దాని తర్వాతే. అక్కడితో ఆపకుండా, గుర్రాలు పెద్దగా ఇష్టపడని మినరల్ గుళికలకు మెంతి వాసన, అరటి వాసన పట్టించి పెట్టారు. మామూలు గుళికల కంటే ఇవి తొందరగా ఖాళీ అయ్యాయి. మన సమస్యకు నేరుగా జవాబు చెప్పిన ప్రయోగం ఇది. ఆ జవాబు చిత్తూరు జిల్లాలో ప్రతి ఇంటి పోపుల పెట్టెలోనూ ఉంది!

మెంతులకు ఆ వాసన సోటోలోన్ అనే పదార్థం వల్ల వస్తుంది. కొద్దిగా ఉన్నా దూరానికి తెలుస్తుంది, కాచిన చక్కెర పాకం లాంటి వాసన. నాలుక మీద మెంతి చేదే, కానీ నాలుక కంటే ముందు తీర్పు చెప్పేది ముక్కు. నా ఉద్దేశంలో మెంతిపిండి అసలు ఉపయోగం పొడి చేదును దాచిపెట్టడం కంటే, తొట్టికి ఒక తెలిసిన వాసన ఇవ్వడంలో ఉంది. అందుకని వరుస మార్చకూడదు. వాసన ముందు రావాలి, మందు వెనక రావాలి. నాలుగైదు రోజులు మినరల్ పొడి జోలికే పోకుండా, అప్పుడే దంచిన మెంతిపిండి చిటికెడుతో మొదలుపెట్టి ఒక చెంచా దాకా దాణాలో కలపండి. గుర్రం ఆ వాసనకు తల ఎత్తి ఎదురుచూడటం మొదలుపెట్టాక, మినరల్ పొడి చిటికెడు వేయండి. రెండు వారాల్లో పూర్తి మోతాదుకు చేరితే చాలు. మధ్యలో ఒక రోజు వదిలేస్తే ముందురోజు మోతాదుకు తిరిగి వెళ్లాలి, కోపంతో రెట్టింపు చేయకూడదు. చూడి గుర్రమైతే మెంతులు మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని అడగండి.

మినరల్ పొడి గింజ నుంచి విడిపోకుండా ఉండాలంటే తడి కావాలి. ఉలవలు ఉడికించిన చిక్కటి నీళ్లు దీనికి భలే పనికొస్తాయి. గోరువెచ్చగా ఉన్నప్పుడు అందులో పొడి కలిపి, ఆ నీళ్లతో దాణా తడిపితే పెదవికి ఏరడానికి ఏమీ మిగలదు. కొద్దిగా నూనె చుక్కలు వేసినా పొడి గింజకు అంటుకుంటుంది. ఎండాకాలంలో తడి దాణా రెండు మూడు గంటల్లోనే పులుస్తుంది కాబట్టి అప్పటికప్పుడు కలపాలి, మిగిలింది తీసేసి తొట్టి కడగాలి. నిన్నటి పులుపు వాసన ఉన్న తొట్టిలో ఎంత మంచి దాణా వేసినా గుర్రం అనుమానంగానే చూస్తుంది.

మోతాదు మొత్తం పెద్ద దాణాలో కలపడం కంటే, రెండు గుప్పెళ్ల రుచికరమైన దాణాలో కలిపి ముందు అది పెట్టి, ఖాళీ అయ్యాక మామూలు దాణా వేయడం మేలు. ఒకవేళ వద్దన్నా ఆ పూట తిండి పోదు. గడ్డి మాత్రం ఎప్పుడూ ముందుండాలి. ఆకలితో మాడిస్తే తింటుందిలే అనుకోవడం ప్రమాదం. గుర్రం జీర్ణాశయంలో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది, నమిలినప్పుడే లాలాజలం వచ్చి దాన్ని చల్లారుస్తుంది. ఖాళీ కడుపుతో గంటలు గడిస్తే పుండ్లు పడతాయి.

బెల్లం సంగతి అందరూ అడుగుతారు. చిత్తూరు బెల్లం పేరున్నదే, గుర్రాలకూ ప్రాణం. చిన్న నిమ్మకాయంత ముక్కను కరిగించి కలిపితే చేదు తగ్గుతుంది. లావెక్కిన గుర్రానికి, మెడ పైన కొవ్వు గట్టిగా పేరుకున్న పొట్టి గుర్రానికి మాత్రం తీపి వద్దు. ఇలాంటివాటిలో ఇన్సులిన్ అదుపు తప్పి డెక్క లోపల వాపు వస్తుంది. ఆ నొప్పికి నిలబడలేవు కూడా. వాటికి మెంతితోనే సరిపెట్టాలి.

నులిపురుగుల మందు లాంటి ఘాటైనవాటిని రోజూ తినే దాణాలో కలపకండి. ఒక్కసారి అనుమానం వస్తే మీరు ఇన్నాళ్లూ అలవాటు చేసిన మెంతి వాసన కూడా చెడ్డ గుర్తుగా మారిపోతుంది. సూది లేని పెద్ద సిరంజితో, వేరే వేళలో, నోటి మూల నుంచి ఇవ్వాలి. మామూలు రోజుల్లో అదే సిరంజితో అరటిపండు గుజ్జు పెడుతూ ఉంటే సిరంజి చూసి బెదరదు.

ఉప్పు విషయంలో ఇంత శ్రమ అక్కర్లేదు. సోడియం తగ్గితే గుర్రం తనంతట తానే ఉప్పును వెతుక్కుంటుంది. పని లేని 500 కిలోల గుర్రానికి రోజుకు 25 గ్రాముల ఉప్పు కావాలి, మన వైపు కనబడే 300 కిలోల గుర్రానికి 15 గ్రాములు. మే నెలలో ఊరేగింపులో నడిస్తే ఇంతకు చాలా ఎక్కువ పోతుంది. గుర్రం చెమట మన చెమట కంటే ఎంతో ఉప్పన. పక్కనే ఒక గిన్నెలో రాళ్ల ఉప్పు పొడి చేసి పెడితే కావలసినంత నాకుతుంది. ఎలక్ట్రొలైట్ పొడి, అంటే చెమటలో పోయే లవణాల పొడి, నీళ్లలో కలిపితే, పక్కన మామూలు నీళ్ల బక్కెట్ తప్పకుండా ఉండాలి. రుచి నచ్చక నీళ్లే తాగడం మానేస్తే ఎండలో ప్రాణం మీదికి వస్తుంది.

డెక్కల కోసం బయోటిన్ అనే బి విటమిన్ పెట్టేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. డెక్క గోడ పైనుంచి నేల దాకా పెరగడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. నెల రోజులు పెట్టి ఏమీ కనబడలేదని ఆపేస్తే పెట్టింది వృథా.

ఇవన్నీ మొదటి నుంచీ వద్దనే గుర్రానికి. నిన్నటిదాకా తిని ఇవాళ ఉన్నట్టుండి మానేసిన గుర్రం సంగతి వేరు, అక్కడ మెంతులు వెతకకూడదు. గడ్డి తింటూ దాణా మాత్రమే వదిలేస్తుంటే కడుపులో పుండ్లు ఉన్నాయేమో చూడాలి. నమిలి నమిలి ఉండలు కింద పడేస్తుంటే, తల ఒక పక్కకు వంచి తింటుంటే పళ్ల అంచులు పదునెక్కి బుగ్గను కోస్తున్నాయేమో చూడాలి. గడ్డీ దాణా రెండూ మానేసి, పొట్ట వైపు తిరిగి చూసుకుంటూ, కాలితో నేల గీరుతుంటే అది కడుపునొప్పి, గంటల్లో చేయి దాటిపోవచ్చు. తిరుపతిలో 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉంది. దూరంగా ఉన్నవాళ్లు దగ్గర్లోని పశువైద్యుడికి ముందు ఫోన్ చేసి, చివరిసారి ఎప్పుడు తిన్నది, ఎప్పుడు పేడ వేసింది, కొత్తగా ఏ పొడి మొదలుపెట్టారు అనే మూడూ చెప్పండి. ఆ పొడి డబ్బాను కూడా వెంట తీసుకెళ్లండి.