గ్యాస్ టర్బైన్ పెర్ఫార్మెన్స్: క్లాసులో నేను వినే అపోహలు

పవర్ ప్లాంట్ ఇంజినీర్లకు గ్యాస్ టర్బైన్ (గ్యాస్ మండించి కరెంటు తీసే మెషిన్) పెర్ఫార్మెన్స్ నేర్పడం నా పని. ఏ బ్యాచ్ వచ్చినా మొదటి పూటే ఈ మాటలు వినిపిస్తాయి.

అపోహ: నేమ్‌ప్లేట్ మీద 100 మెగావాట్లుంది, మేలో 84 వస్తోంది. మెషిన్ దెబ్బతింది.

వాస్తవం: ఆ 100 ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) పరిస్థితులకు ఇచ్చింది: 15 డిగ్రీలు, సముద్రమట్టం పీడనం, 60 శాతం తేమ. గోదావరి జిల్లాల్లో మే మధ్యాహ్నం 40 డిగ్రీలు మామూలే. వేడిగాలి పలచన. కంప్రెసర్ (గాలిని పీల్చి నొక్కే భాగం) పీల్చే ఘనపరిమాణం పెద్దగా మారకపోయినా లోపలికెళ్లే గాలి బరువు తగ్గుతుంది. పైగా ఆ గాలిని నొక్కడానికి ఎక్కువ పని కావాలి. అసలే టర్బైన్ ఇచ్చే శక్తిలో సగానికి పైగా కంప్రెసర్‌కే పోతుంది. అందుకే డిగ్రీకి సుమారు 0.5 నుంచి 0.9 శాతం అవుట్‌పుట్ పడిపోతుంది. పాతిక డిగ్రీల తేడాకు లెక్క వేసి చూడండి, 84 వస్తే కంగారుపడనక్కర్లేదు.

అపోహ: ఎవాపరేటివ్ కూలర్ (నీటిని ఆవిరి చేసి లోపలికెళ్లే గాలిని చల్లబరిచేది) పెడితే వేసవి బాధ తీరినట్టే.

వాస్తవం: గాలి 40 డిగ్రీలు, తేమ 40 శాతం ఉంటే వెట్ బల్బ్ (నీరు ఆవిరై గాలిని చల్లబరచగల కనిష్ఠ ఉష్ణోగ్రత) 28.5 దగ్గర ఉంటుంది. 85 శాతం సామర్థ్యమున్న కూలర్ (అంటే ఆ తేడాలో 85 శాతం తగ్గించేది) గాలిని 30కి దించుతుంది, మంచి లాభమే. కాకినాడ తీరాన 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజు మాత్రం మూడు, మూడున్నర డిగ్రీలకు మించి తగ్గదు.

అపోహ: ఫైరింగ్ టెంపరేచర్ (టర్బైన్‌లోకి వెళ్లే మండిన వాయువుల వేడి) ప్యానెల్ మీదే కనిపిస్తుంది కదా.

వాస్తవం: అంత వేడిలో థర్మోకపుల్ (వేడిని కొలిచే సెన్సర్) ఎక్కువకాలం నిలవదు. ఎగ్జాస్ట్ టెంపరేచర్ (బయటికి పోయే వాయువుల వేడి), కంప్రెసర్ డిశ్చార్జ్ ప్రెషర్ (కంప్రెసర్ నుంచి వచ్చే గాలి పీడనం) చూసి కంట్రోల్ సిస్టమ్ లెక్కగట్టేదే అది.

అపోహ: వాటర్ వాష్ (కంప్రెసర్ బ్లేడ్ల మీది మురికిని నీటితో కడగడం) తర్వాత లోడ్ పెరిగింది, వాష్ బాగా పనిచేసింది.

వాస్తవం: ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. వాష్‌కు ముందు రీడింగ్ మధ్యాహ్నం రెండింటికి, తర్వాతిది తెల్లవారుజామున తీస్తే పెరిగినదాంట్లో వాతావరణం వాటా ఎంతో తేలదు. రెండింటినీ కరెక్షన్ కర్వ్‌లతో (వాతావరణం ప్రభావాన్ని సరిచేసే గ్రాఫ్‌లు) ఒకే పరిస్థితికి తెచ్చాకే పోల్చాలి. మెషిన్ కూడా రెండుసార్లూ బేస్ లోడ్‌లోనే (కంట్రోల్ అనుమతించే పూర్తి స్థాయిలో) ఉండాలి. అలా పోల్చాక ఇంకా లోటు కనిపిస్తే, అది బ్లేడ్ల అరుగుదల, పెరిగిన టిప్ క్లియరెన్స్ (బ్లేడ్ కొనకూ కేసింగ్‌కూ మధ్య ఖాళీ) లాంటివాటిది కావచ్చు. ఎన్ని వాష్‌లు చేసినా అది తిరిగి రాదు, ఓవర్‌హాల్‌లో చూడాల్సిందే.

అపోహ: మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఉండగా శిక్షణ ఎందుకు?

వాస్తవం: గ్యాస్ ఫ్లో మీటర్ 2 శాతం ఎక్కువ చూపితే సాఫ్ట్‌వేర్ హీట్ రేటూ (యూనిట్ కరెంటుకు ఖర్చయ్యే వేడి) 2 శాతం ఎక్కువే చూపుతుంది. మీటర్‌ని అనుమానించాల్సింది ఇంజినీరే. అందుకే మా క్లాసులో హీట్ బ్యాలెన్స్ చేత్తోనే వేయిస్తాను: గ్యాస్‌తో వచ్చిన వేడి ఎంత, కరెంటుగా మారింది ఎంత, ఎగ్జాస్ట్‌లో పోయింది ఎంత. మూడూ పొసగకపోతే ముందు మీటర్లనే వెతకాలి. మేనేజ్‌మెంట్లకు నా విన్నపం ఒకటే. ఈ శిక్షణకు ఎఫిషియెన్సీ విభాగం వాళ్లతోపాటు షిఫ్ట్ ఇంజినీర్లనూ పంపండి, సొంత మెషిన్ లాగ్‌షీట్లు ఇచ్చి మరీ.